ఎర్ర చుక్కల మ్యాపు

మూడో తరగతి పిల్లలకి మ్యాపు చదవడం నేర్పే మాస్టారిని నేనే. నవ్వకండి. పెళ్లయిన కొత్తలో అత్తారింటికి వెళ్తూ దారి తప్పి, వాళ్ల పక్కింట్లో భోంచేసి వచ్చిన మాట నిజమే. అయినా ఉద్యోగం ఉద్యోగమే కదా. మా ఆవిడ సర్వే ఆఫీసులో మ్యాపులు గీస్తుంది. మా ఇంట్లో ఉత్తరం ఎటుందో తెలిసింది ఆవిడొక్కతెకే.

మూడు నెలల కిందట డాక్టరు నా రక్తపరీక్ష కాగితం చూసి, ఇక తీపి ముట్టుకోవద్దన్నాడు. మానేశానని మా ఆవిడ చేతిలో చెయ్యి వేసి చెప్పాను. పాపం, నమ్మింది. కనిపిస్తే మనసు లాగుతుందని, చుట్టాల కోసం కొన్న మిఠాయి డబ్బా మాత్రం ఎక్కడో దాచేసింది.

ఆ డబ్బా కోసం నేను వెతకని చోటు లేదు. సరిగ్గా అప్పుడే 'మ్యాపులో గుర్తులు' అనే పాఠం వచ్చింది. బుర్రలో బల్బు వెలిగింది.

శనివారం పొద్దున్న ఆవిడ ఆఫీసుకి వెళ్లగానే ఎనిమిది మంది పిల్లల్ని ఇంటికి తీసుకొచ్చాను. పాఠం ప్రత్యక్షంగా చూపిస్తానంటే పెద్ద టీచరమ్మ ముచ్చటపడి మరీ పంపింది.

"మనకి ఎదురుగా ఉండేదే ఉత్తరం," అని మొదలుపెట్టాను.

"మీరు వెనక్కి తిరిగితే ఉత్తరం కూడా తిరుగుతుందా సార్?" అంది రెండు జడల పిల్ల.

"అది పై తరగతిలో చెబుతారు," అని తప్పించుకున్నాను. "ఇప్పుడు ఇంటి మ్యాపు గీయండి. నీళ్లున్నచోట నీలం చుక్క. మొక్కలున్నచోట ఆకుపచ్చ చుక్క. తీపి వస్తువు ఉన్నచోట ఎర్ర చుక్క. ఏదైనా తెరిచి చూడొచ్చు, నోట్లో మాత్రం పెట్టుకోవద్దు. పెట్టిన చుక్క చెరపొద్దు."

పిల్లలు ఇల్లంతా చెదిరిపోయారు. నేను కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

అరగంటకి రెండు జడల పిల్ల మ్యాపు తెచ్చింది. అందులో తొమ్మిది ఎర్ర చుక్కలు.

"ఒక్క డబ్బాకి తొమ్మిది చుక్కలేమిటమ్మా?"

"ఒక్కటి కాదు సార్. డిక్షనరీ వెనకాల బిస్కెట్లు. టార్చిలైట్లో బ్యాటరీలు లేవు, చాక్లెట్లున్నాయి. రెయిన్‌కోటు జేబులో ఇంకో పొట్లం. మీ పాత బూటులో..."

ఆవిడ దాచిన డబ్బా ధ్యాసలో పడి, నేను దాచుకున్నవీ తీపివేనన్న సంగతి మరిచిపోయాను. మిగిలిన ఏడు మ్యాపులూ లాక్కుని చూశాను. అన్నిట్లోనూ తొమ్మిదే. నా క్లాసులో ఎనిమిది మందికీ ఒకే జవాబు రావడం అదే మొదటిసారి.

గబగబా రబ్బరు తీసుకుని మొదటి చుక్క మీద పెట్టాను.

"చెరపొద్దన్నారుగా సార్," అన్నారు పిల్లలు.

"ఎవరు చెరుపుతున్నారు?" అంటూ గుమ్మంలోంచి వినిపించింది. మా ఆవిడ. శనివారం వాళ్లకి ఒంటిపూట ఆఫీసని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆవిడ చెప్పులు విప్పి, మ్యాపు తీసుకుని, అంచున పిల్లలు రాసిన 'ఎర్ర చుక్క అంటే తీపి' దగ్గర్నుంచి ఆఫీసు కాగితం చూసినట్టు నింపాదిగా చూసింది.

"ఉత్తరం తప్పు. గదులన్నీ కరెక్టే. మరి ఈ ఎర్ర చుక్కలు?"

"అది... పిల్లలకి ఊహాశక్తి ఎక్కువ," అన్నాను.

"బూటులో తీపి ఊహకి అందేది కాదండీ."

ఆవిడ తన డ్రాయింగు బల్ల కింది సొరుగు లాగింది. తొమ్మిదో చుక్క అదే. డబ్బాకి చుట్టిన కాగితం కూడా ఊడలేదు.

"మీరు మానేశారని నేనూ మానేశాను," అంది. "మూడు నెలలుగా నా కాఫీలో పంచదార లేదు. మీరు గమనించనే లేదు."

గమనించలేదు. రోజూ ఎదురుగా కూర్చునే తాగుతోంది, కాఫీ తాగుతూ ముఖమెందుకు అలా పెడుతోందో ఒక్కసారీ అడగలేదు. నాకు నిజంగా సిగ్గేసింది.

ఆవిడ పిల్లల్ని పిలిచి, ఒకరి మ్యాపు ఇంకొకరికిచ్చింది. పైన ఉత్తరం గుర్తు సరిగ్గా వేసి, కాగితాన్ని ఇంటికి తగ్గట్టు ఎలా తిప్పి పట్టుకోవాలో చూపించింది. "ఇప్పుడు మ్యాపు చూసుకుంటూ వెళ్లి, ఎర్ర చుక్క ఉన్నచోటల్లా ఉన్నది తీసుకురండి. మీకే."

నేను వారం రోజులు మొత్తుకున్నా ఎక్కని పాఠం పది నిమిషాల్లో ఎక్కేసింది. తొమ్మిది చోట్లూ ఖాళీ. ఒక్కరూ దారి తప్పలేదు.

రెండు జడల పిల్ల జాలిపడి ఒక చాక్లెట్ నా ముందు పెట్టింది. "తీసుకోండి సార్."

"వద్దమ్మా. నేను మానేశాను."

ఎనిమిది మంది పిల్లలూ, మా ఆవిడా ఒక్కసారే నా వైపు చూశారు.

"ఇవాళ్టి నుంచి," అని సరిదిద్ది, ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. వస్తూ రెండు కప్పుల కాఫీ తెచ్చి, ఒకటి నా చేతిలో పెట్టింది. చాటుగా నోట్లో చాక్లెట్ వేసుకోకుండా కాఫీ తాగడం మూడు నెలల్లో అదే మొదటిసారి; చేదు విషంలా ఉంది. ఆవిడ చూస్తూ ఉండగా ఆఖరి చుక్కదాకా తాగాను.