బంగారు కొలనులో కొర్రమీను

అత్తగారికి పిత్తాశయం ఆపరేషన్ అయింది. ఆ సాయంత్రమే ఆవిడ ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తోంది. ఆపరేషన్ అయినవాళ్లకు కొర్రమీను చారు తాగిస్తే గాయం త్వరగా మానుతుందని మకావులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కనుక లెయోంగ్ పుయ్ ఆ పొద్దున చేయవలసిన పని ఒక్కటే. ఎర్ర బజారుకు వెళ్లాలి, కొర్రమీను కొనాలి, వంతెన అవతల తైపాలోని ఇంటికి తేవాలి.

"అక్కడే కొట్టించి, కడిగించి తీసుకురా. ఇంటికొచ్చాక దాంతో కుస్తీ పట్టే ఓపిక నాకు లేదు," అంది భార్య సియులాన్.

"నాకు తెలీదా?" అన్నాడు పుయ్.

తెలుసు గానీ, బజారులో చేపలమ్మ కత్తి ఎత్తేసరికి అతనికి అత్తగారు గుర్తొచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ అతని గురించి అన్న మంచి మాట ఒకటే: "మా అల్లుడు మరీ చెడ్డవాడేం కాదు." బతికున్న చేపను ఆవిడ కళ్లముందే కుండలోకి దింపితే ఇంకో మంచి మాట రాలుతుందేమోనని ఆశ పుట్టింది. "కొట్టకు, ప్రాణంతోనే ఇవ్వు," అన్నాడు. ఆమె నీళ్లు పోసిన ప్లాస్టిక్ సంచిలో చేపను వేసి, పైన ఒక కాగితం సంచి తొడిగి ఇచ్చింది.

తైపా వెళ్లడానికి ఊళ్లో తెలివైనవాళ్లెవరూ టికెట్టు కొనరు. జూదశాలలు, దుకాణాలు, హోటలు అన్నీ ఒకే కప్పు కింద ఉన్న 'బంగారు తామర' రిసార్టు వాళ్లు ఉచితంగా బస్సులు తిప్పుతారు. దిగినచోట ముందు గుమ్మంలోంచి దూరి, చల్లటి గాలి పీల్చుకుంటూ వెనక గుమ్మంలోంచి బయటపడితే పుయ్ ఇల్లు రెండు వీధుల అవతలే.

"సంచిలో ఏముంది బాబాయ్?" అన్నాడు బస్సు డ్రైవరు.

"ఆకుకూర."

"కదులుతోందే."

"తాజాది."

రిసార్టు హాలు నడిమధ్యలో పాలరాతి కొలను ఉంది. అందులో వేలెడంత పొడవున్న ఎనిమిది బంగారు చేపలు. పుయ్ సరిగ్గా దాని పక్కకు వచ్చేసరికి ప్లాస్టిక్ సంచి కారి, కాగితం సంచి నాని, అడుగు ఊడిపోయింది. కొర్రమీను నేలమీద పడింది. పట్టుకోబోతే సబ్బుబిళ్లలా జారింది. ఒక్క ఎగురు ఎగిరి కొలనులో పడి, తామరాకుల కిందకి దూరింది.

పుయ్ అటూ ఇటూ చూసి, చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, కొలనులోకి దిగాడు. మరుక్షణమే ఇద్దరు కాపలావాళ్లు వచ్చారు.

"బాబాయ్, పైకి రండి. మా చేపల్ని దొంగిలిస్తున్నారా?"

"మీవి కాదు, నాదే ఒకటి ఇందులో ఉంది."

"అందరూ అదే అంటారు."

"ఇంతకుముందు ఇంకెవరన్నారు?"

కాపలావాడు ఆలోచించి, ఎవరూ అనలేదని ఒప్పుకున్నాడు. ఈలోగా జనం మూగారు. యాత్రకు వచ్చినవాళ్లు ఇది కూడా రిసార్టు వాళ్ల ప్రదర్శనే అనుకుని ఫోటోలు తీశారు. ఎవరో ఒకావిడ, "ఎవరో జబ్బుగా ఉంటే పుణ్యం కోసం చేపకి ప్రాణభిక్ష పెట్టాడట," అని పక్కావిడకు చెప్పింది. పక్కావిడ దండం పెట్టుకుంది. ఆమెను చూసి వెనకున్న వరసంతా దండాలు పెట్టింది.

మేనేజరు ఫుంగ్ వచ్చాడు. మొహం మాడ్చుకుని, పోలీసులను పిలవమని చెప్పబోతున్నంతలో పై అంతస్తు నుంచి ఫోను వచ్చింది. వారం రోజులుగా జూదంలో ఓటమి ఎరగకుండా రిసార్టును దులిపేస్తున్న ఒక పెద్దమనిషి ఇప్పుడే మొదటిసారి ఓడాడట. ఓడటం మొదలుపెట్టి ఆగటం లేదట.

ఫుంగ్ వెంటనే రిసార్టు వాస్తు గురువు సిఫూ మాక్‌ని పిలిపించాడు. సిఫూ కొలను చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి కళ్లు మూసుకున్నాడు.

"ఎనిమిది బంగారువి, ఒకటి నల్లది. ఇన్నాళ్లూ ఈ నల్లదే తక్కువైంది. దీన్ని కదిపారో, ఈ భవనానికి నేను పూచీ కాదు."

ఫుంగ్ మొహం విప్పారింది. పుయ్‌ని చెయ్యి పట్టి పైకి లాగి, కాపలావాళ్ల చేతే కాళ్లు తుడిపించాడు. "మామయ్యా, మీరు మా పాలిట దేవుడు. ముప్పయ్యో అంతస్తులో గదులు ఇస్తాం. మీ ఇంటిల్లిపాదీ వచ్చి ఉండండి."

"నాకు గదులెందుకు, నా చేప ఇవ్వండి."

"సముద్రం కనిపించే గదులు మామయ్యా."

"సముద్రం కనిపిస్తే చారవుతుందా నాయనా?"

ఎంత చెప్పినా వినకుండా అతన్ని మెత్తటి సోఫాలో కూర్చోబెట్టి, టీ పోసి, మెడలో పూలదండ వేశారు. అప్పుడే సియులాన్ ఫోను చేసింది.

"కుండలో నీళ్లు మరిగి మరిగి సగమయ్యాయి. ఎక్కడున్నావయ్యా?"

"రిసార్టులో. నాకు దండ వేశారు."

"జూదంలో గెలిచావా?"

"లేదు."

"ఓడిపోతే దండ ఎందుకు వేస్తారు? చూడు ముసలాయనా, నేను అమ్మని తీసుకురావడానికి వెళ్తున్నాను. మేం వచ్చేసరికి చేపైనా ఉండాలి, లేకపోతే నువ్వైనా ఇంట్లో ఉండకూడదు." ఫోను పెట్టేసింది.

పుయ్ టీ కప్పు పక్కన పెట్టాడు. బజారుకు పరుగెత్తి ఇంకోటి కొందామని లేస్తే, అదృష్టం ఎక్కడ గుమ్మం దాటిపోతుందోనని కాపలావాళ్లు అతన్ని వంగి వంగి నమస్కరిస్తూనే మళ్లీ కూర్చోబెట్టారు. పత్రిక కోసం ఫోటో తీశారు. ఇంకో దండ వేశారు.

మధ్యాహ్నం దాటాక ఫుంగ్ వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మామయ్యా, మీ చేప ఏం తింటుంది?"

"కొర్రమీను కదా. చిన్న చేపల్ని తింటుంది."

"ఎనిమిదింట్లో మూడే కనిపిస్తున్నాయి."

ఇద్దరూ కొలను దగ్గరకు వెళ్లారు. సిఫూ అప్పటికే అక్కడున్నాడు. "మూడూ ఒకటీ నాలుగు. అది చావును పిలిచే అంకె," అంటూ చెమట తుడుచుకుంటున్నాడు. వాళ్లు చూస్తుండగానే ఒక తామరాకు కదిలి, మూడు రెండయ్యాయి. సిఫూ తేరుకుని, "ఇప్పుడు పరవాలేదు," అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోగా పై అంతస్తు నుంచి ఫోను. పెద్దమనిషి మళ్లీ గెలుస్తున్నాడు.

"తీసుకుపొండి మామయ్యా," అన్నాడు ఫుంగ్ చేతులు జోడించి. "మీదే ఆ చేప. నేను సాక్ష్యం."

"పొద్దున్నించీ నేను మొత్తుకున్నది అదేగా."

కొలనులోకి ఈసారి పుయ్ ఒక్కడే దిగలేదు. ఇద్దరు కాపలావాళ్లు, దండలు తెచ్చిన అమ్మాయి, చివరికి బూట్లు విప్పి ఫుంగ్ కూడా దిగారు. యాత్రికులు చప్పట్లు కొట్టారు. కొర్రమీను తడిసినవాళ్లందరినీ ఇంకోసారి తడిపి, దారిలో మిగిలిన రెండింటినీ మింగి, పొట్ట బరువెక్కి కదలలేక దొరికిపోయింది. దాన్ని నీళ్లు నింపిన గాజు పెట్టెలో పెట్టి, అలవాటు కొద్దీ పట్టు రిబ్బను కట్టి, రిసార్టు పొడుగాటి కారులో పుయ్‌ని ఇంటి దగ్గర దింపారు.

అతను లోపలికి వెళ్లేసరికి సియులాన్ అప్పుడే తల్లిని మంచం మీద పడుకోబెడుతోంది. భర్త తడి ప్యాంటునూ, మెడలో దండలనూ, చేతిలో రిబ్బను కట్టిన చేప పెట్టెనూ వరసగా చూసి, అడగడం మొదలుపెడితే చారు ఆలస్యమవుతుందని కత్తి అందుకుంది.

రాత్రి భోజనం వేళ అత్తగారు గిన్నె ఎత్తి ఒక గుక్క తాగింది. ఆగింది. మళ్లీ తాగింది. గిన్నె ఖాళీ చేసి అల్లుడి వైపు చూసింది.

"బలే కమ్మగా ఉంది అల్లుడూ. మంచి మేత మేసిన చేపలా ఉంది. రేపు కూడా అక్కడి నుంచే పట్రా."