ఒక వరస ఎక్కువ, ఒక గాడి తక్కువ

కటర్లు తయారుచేసే కంపెనీలో డిజైనరు ఆ ఉదయం పెట్టుకున్న పనులు రెండే. కొత్త కటర్ బొమ్మ వర్క్‌షాపుకి పంపాలి, తన ఇంటి మేడమెట్ల బొమ్మ వెల్డరుకి పంపాలి. ఆ పైన భార్యతో వారం రోజులు అత్తగారింటికి ప్రయాణం.

"తిరిగొచ్చేసరికి మెట్లు లేకపోతే మేడకి ఆనించిన ఆ నిచ్చెన నేనెక్కను," అని భార్య ముందే చెప్పేసింది.

ఆ కటర్ డ్రిల్లు ములికిలా గిర్రున తిరుగుతూ కోసే రకం; దాని నడిమి కడ్డీని చుట్టుకుంటూ రెండు గాడులు మెలితిరిగి పైకి పోతాయి. ఆయన ఆ బొమ్మకే నకలు తీసి, మనిషి పట్టేంత పెంచి, గాడుల్ని మెట్లుగా కోశాడు. రెండు గాడులకీ రెండు మెట్ల వరసలొచ్చాయి; ఇక అందులో ఒక వరస చెరిపేస్తే చాలు. సరిగ్గా అప్పుడే భార్య ఫోను.

"బస్సు కదిలేలా ఉంది. వస్తున్నారా, నన్నొక్కదాన్నే పొమ్మంటారా?"

ఆ కంగారులో చెరపడమైతే చెరిపాడు గానీ, మెట్లలో కాదు, కటర్‌లో. రెండు బొమ్మలూ అలాగే పంపేసి బస్సుకి పరిగెత్తాడు.

బస్సులో ఉండగా వెల్డరు ఫోన్ చేశాడు. "సార్, రెండు వేయాలా?"

చేతికమ్మీల సంగతనుకుని, "రెండు లేకపోతే పడిపోమూ? వేసెయ్," అన్నాడు.

కాసేపటికి వర్క్‌షాపు ఫోర్‌మన్. "ఒక్కటే చాలా సార్?"

నమూనా ముక్క గురించనుకుని, "ముందు ఒకటి చాలు, తర్వాత చూద్దాం," అని హాయిగా కునుకు తీశాడు.

వారం తర్వాత ఇంటికొస్తే, ఒకే స్తంభానికి రెండు మెట్లదారులు జంటపాముల్లా పెనవేసుకుని ఉన్నాయి.

"ఎక్కడానికొకటి, దిగడానికొకటి! భలే ఆలోచన సార్," అన్నాడు వెల్డరు గర్వంగా.

భార్య నాలుగు మెట్లెక్కిందో లేదో, రెండో వరస ఠంగున నెత్తికి తగిలింది. "ఉన్నదే ఇద్దరం. ఎవరి మెట్లు వాళ్ళకా?" అంది నెత్తి తడుముకుంటూ.

మెట్లు రెండు వరసలైతే కటర్‌కి గాడులెన్ని? ఒక్కటే! తను చెరిపింది ఎక్కడో డిజైనరుకి అప్పుడు తెలిసింది. అంతలో మేనేజరు ఫోను. "ఉన్నపళంగా రా."

ఉద్యోగం పోయిందనుకుంటూనే వెళ్ళాడు. మేనేజరు బల్ల మీద ఒంటిగాడి కటర్, ఎదుట దాన్ని చేయించుకున్న ప్లాస్టిక్ పలకల వ్యాపారి.

"సార్, అది నా పొర..."

"ఆగవయ్యా! ఇన్నాళ్ళూ రెండు గాడుల అంచులూ రాపాడి ప్లాస్టిక్ కరిగి అంటుకుపోయేదట. నువ్వొకటి తీసేశాక వెన్నలా కోస్తోందట. ఇంకో రెండొందలు కావాలంటున్నారు. ఎలా తట్టింది నీకు?"

"మా ఆవిడ ఫోన్ చేసినప్పుడు సార్," అన్నాడు నిజాయితీగా.

ఆనాటి నుంచి ఆఫీసులో తలెత్తుకు తిరుగుతున్న డిజైనరు, ఇంట్లో మేడ మీదికి మాత్రం తల వంచుకునే ఎక్కుతున్నాడు.