తోడు కోసం మంచు స్కూటర్

మా స్నేహితులంతా నన్ను సగం సూర్యం అంటారని మీకు తెలుసు. ఎందుకంటారో తెలియనట్టు మొహం పెట్టకండి. రెడ్‌మండ్‌లో మా గరాజ్‌లోకి ఒక్కసారి తొంగిచూసినవాళ్ళకి ఎవరికైనా అర్థమైపోతుంది. ఒక కాలు తక్కువైన కాఫీ టేబుల్, ఇంకా కన్నం పెట్టని పక్షి గూడు, మా ఊళ్ళో ఎండ లేక తిరగని సోలార్ ఫ్యాన్.

"ఇవన్నీ నడుస్తున్న ప్రాజెక్టులు," అంటాను నేను.

"ఒక్కటీ నడవకపోవడమే కదండీ మా బాధ," అంటుంది మా ఆవిడ ఉమ.

ఉమ పిల్లలకు కూచిపూడి నేర్పుతుంది. సాయంత్రం క్లాసులు మేడమీద గదిలో. సరిగ్గా దాని కింద కూర్చుని నేను ఆఫీసు మీటింగులు చేస్తాను. ఒకసారి పదిమంది పిల్లలు ఒకేసారి కాలు నేలకేసి కొట్టేసరికి, ఇంట్లో ఏమైనా కూలిందా అని మా మేనేజరు కంగారుగా అడిగాడు. కల్చర్ అని చెప్పాను. ఆయన ఇంకా కంగారుపడ్డాడు.

అప్పటినుంచి ఉమ కన్ను నా గరాజ్ మీద పడింది. అక్కడ నా వర్క్‌బెంచ్ తీసేస్తే చక్కటి డాన్సు క్లాసు అవుతుందట. ఆఫీసులో నా మాట ఎవరూ వినరు, ఇంట్లో అసలే వినరు. ఆ గరాజ్‌లో సుత్తి ఒక్కటే నేను చెప్పినట్టు వింటుంది, అది కూడా రెండు దెబ్బల్లో ఒకటి వేలుమీద వేస్తుంది. ఆ మూల పోతే నాకంటూ ఇంకేం మిగులుతుంది చెప్పండి?

ఇలా ఉండగా జనవరిలో ఒక గురువారం మంచు పడింది. మా ఊళ్ళో మంచు ఎప్పుడో గానీ పడదు. పడిందంటే మాత్రం ఊరు ఊరంతా దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. స్కూళ్ళు మూశారు. మా ఇల్లు గుట్ట మీద కాబట్టి కార్లు బయటికి తీసే ప్రశ్నే లేదు. సరిగ్గా ఆ రోజే ఉమ ఫ్రిజ్ తలుపు తీసి కేక పెట్టింది.

"పెరుగు గిన్నె ఏదండీ?"

"కడిగి బోర్లించాను కదా!" అన్నాను గర్వంగా. మెచ్చుకుంటుందనుకున్నాను.

"తోడుకి కూడా ఉంచకుండా తినేశారా?"

ఆ తోడు సంగతి మీకు చెప్పాలి. మేము ఈ ఇంట్లోకి వచ్చిన రోజు నుంచీ ఉమ తెంపు లేకుండా కాపాడుకొస్తున్న తోడు అది. షాపు పెరుగుతో తోడేస్తే తీగలు సాగుతుందని ఆవిడ నమ్మకం. పైగా ఆదివారం మా పెళ్ళిరోజు, ఇంట్లో సత్యనారాయణ వ్రతం, పంచామృతంలోకి పెరుగు కావాలి. ఈ వ్రతం ఉమ ఎంత పట్టుదలగా చేస్తోందంటే, పీటల మీద కూర్చోవాలని పోయిన వేసవిలో వాళ్ళ పుట్టింటి నుంచి మా పెళ్ళి పీటలు రెండూ సూట్‌కేసులో మోయించింది. మోసింది నేనే. ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటిదాకా సణుగుతూనే మోశాను.

"ప్రణీత దగ్గర ఉంటుంది లెండి," అంది ఉమ కాస్త తేరుకుని. "నా తోడే తనకిచ్చాను. మెల్లిగా నడిచి వెళ్ళి ఒక చెంచా తెచ్చిపెట్టండి."

ప్రణీత, కౌశిక్ మా వీధి చివర, గుట్ట దిగగానే ఉంటారు. నడిస్తే ఎంతో దూరం లేదు. నడిచి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ నా కళ్ళు గరాజ్‌లో మా అమ్మాయి వేద కిక్ స్కూటర్ మీద పడ్డాయి. ఒక కాలు పలక మీద పెట్టి, ఇంకో కాలితో నేలను తన్నుకుంటూ పోతారే, అది.

"నడవడం ఎందుకు? దీని చక్రాలు పీకి కింద చెక్కలు బిగిస్తే మంచు స్కూటర్! జుయ్యిమని పోయి తోడు తెస్తాను."

ఉమ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"పూర్తి చేస్తారా?"

"చేస్తాను."

"పని చేస్తుందా?"

"చేస్తుంది."

"అయితే పందెం. దాని మీద వెళ్ళి తోడు తెస్తే గరాజ్ మీదే, నేనిక దాని ఊసెత్తను. లేదంటే నా క్లాసుకి ఇచ్చెయ్యాలి."

"సరే!" అన్నాను. మగాడన్నాక ఒక్కోసారి ఆలోచించకుండా మాట్లాడాలి. నాకది బాగా అలవాటు.

వేద గరాజ్ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "డాడీ, అది నా స్కూటర్. నువ్వు దాన్ని రూయిన్ చేస్తావ్."

"అప్‌గ్రేడ్ చేస్తున్నానమ్మా."

"లాస్ట్ టైమ్ మైక్రోవేవ్‌కి కూడా అదే చెప్పావ్."

చక్రాలు ఊడదీశాను. చెక్క కోసం వెతికితే అలమర వెనకాల గోడకి ఆనించి ఒక పాత పలక దొరికింది. పసుపు రంగు వేసి, చుట్టూ ఎర్రటి అంచు దిద్ది ఉంది. నాలుగో వైపు అంచు కనబడలేదు గానీ, అరిగిపోయి ఉంటుందనుకున్నాను. అడుగున రెండు చిన్న పట్టీలుంటే పీకేశాను. నిలువునా రెండుగా కోశాను. ముందుకొకటి, వెనక్కొకటి.

చెక్క మూతి కాస్త పైకి వంగి ఉండాలి, లేకపోతే మంచులో గుచ్చుకుంటుంది. ఆవిరి పడితే చెక్క వంగుతుందని ఏదో వీడియోలో చూశాను. మా ఇంట్లో ఆవిరంటే ఇడ్లీ పాత్రే. దాంట్లో చెక్క కొస పెట్టి, మూత పట్టక మీద రోకలి పెట్టి, చాలాసేపు ఉడికించాను.

"ఏం వండుతున్నారు?" అంది ఉమ వంటింట్లోకి వచ్చి.

"చెక్క."

"చెక్కలా! అవీ చేస్తారా మీరు! ఉప్పు చూశారా?"

వంగలేదు. రంపంతో మూతి ఏటవాలుగా కోసి, వంగిందనుకున్నాను. అడుగున జారడానికి మైనం కావాలి. మైనం లేదు. బాత్రూమ్‌లో ఉమ కొబ్బరినూనె సీసా చలికి రాయిలా గడ్డకట్టి ఉంది. అంతకన్నా మంచి మైనం ఎక్కడ దొరుకుతుంది? చెంచాతో తవ్వి రెండు చెక్కలకీ దట్టంగా పట్టించాను. గరాజ్ అంతా తలంటు రోజులా ఘుమఘుమలాడింది.

వీధిలోకి వచ్చి నిలబడ్డాను. మెడకి గుడ్డసంచీ, అందులో ఖాళీ స్టీలు డబ్బా, నెత్తిన వేద గులాబీరంగు హెల్మెట్. ఉమ గుమ్మంలోంచి అరిచింది.

"బ్రేక్ ఉందా దానికి?"

"వెనకాల ఉందిగా!" అని ఒక్క తన్ను తన్నాను.

బ్రేక్ ఉన్నమాట నిజం. వెనక చక్రం మీద చిన్న రేకు ఉంటుంది. దాన్ని మడమతో తొక్కితే అది చక్రాన్ని ఒత్తి పట్టుకుని బండిని ఆపుతుంది. ఆ చక్రాన్ని గరాజ్‌లో నా చేత్తో నేనే ఊడదీసి పెట్టొచ్చానన్న సంగతి, సగం గుట్ట దిగాక, మడమతో రేకుని నాలుగోసారి తొక్కుతున్నప్పుడు గుర్తొచ్చింది.

కొబ్బరినూనె మాత్రం గొప్పది. అంత వేగంగా నేను జీవితంలో ఏ పనీ చేయలేదు. అటూ ఇటూ ఇళ్ళు పోతున్నాయి, కుక్కని తిప్పుతున్న ఒక తెల్లావిడ నన్ను చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను, అదే పొరపాటు. ఒంటిచేతిలో హ్యాండిల్ తిరిగి, కౌశిక్ వాళ్ళ వాకిట్లోకి మలుపు తీసుకుని, వాళ్ళ పొదని అడ్డంగా చీల్చుకుని, వాళ్ళ పిల్లలు పొద్దున్నే కష్టపడి చేసిన మంచుబొమ్మని కావిలించుకుని ఆగాను. బొమ్మ ముక్కుకి పెట్టిన క్యారెట్ నా నోట్లో ఉంది.

తలుపు తెరుచుకుంది. కౌశిక్‌ది వరంగల్. చేతిలో ఫోన్ లేకుండా నేనెప్పుడూ అతన్ని చూడలేదు.

"అన్నా, మస్తుగ వచ్చినవ్! మొత్తం వీడియో తీసిన. గ్రూప్‌ల పెట్టిన గూడ."

"ఏ గ్రూపులో?" అన్నాను క్యారెట్ తీసి.

"అన్నిట్ల."

ప్రణీత పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, దెబ్బ తాకిందా అన్నా? ఏం గావాలె?"

"తోడు," అన్నాను పడుకునే.

డబ్బాలో తోడు పోసిచ్చింది. అప్పుడు తెలిసింది, మంచు స్కూటర్ దిగడానికే గానీ ఎక్కడానికి కాదని. దాన్ని భుజాన వేసుకుని, ముందు చెక్క రెండు ముక్కలై వేలాడుతుంటే, గుట్టంతా నడిచి ఎక్కాను. అయినా నా నడకలో దర్జా ఉంది. పందెం ప్రకారం వస్తువు పూర్తయింది, దాని మీద వెళ్ళాను, తోడు తెచ్చాను. సాక్ష్యం అన్ని గ్రూపుల్లోనూ ఉంది.

"గెలిచాను!" అని డబ్బా వంటగట్టు మీద పెట్టాను. "గరాజ్ నాది."

"ఒప్పుకున్నాను," అంది ఉమ. నిజంగానే ఒప్పుకుంది. పాలలో తోడు వేస్తూ నా భుజాన ఉన్న స్కూటర్ వైపు చూసింది. చూసి, చెంచా కింద పెట్టింది. విరిగిన చెక్కని చేత్తో తడిమింది. పసుపు రంగు. ఎర్ర అంచు.

"ఈ చెక్క ఎక్కడిదండీ?"

"గరాజ్‌లో... అలమర వెనకాల."

"మన పెళ్ళి పీటలు నేనెక్కడ పెట్టానో మీకు గుర్తుందా?"

అంతే అంది. కొబ్బరినూనె గడ్డకట్టినట్టు నా ఒంట్లో నెత్తురు గడ్డకట్టింది. పసుపు పూసిన పీట, ఎర్రటి అంచు, అడుగున పట్టీలు! ఏ పీట మీద కూర్చుని మూడు ముళ్ళు వేశానో, దాన్నే నిలువునా కోసి, ఇడ్లీ పాత్రలో ఉడకబెట్టి, నూనె రాసి గుట్ట మీంచి తోశాను.

"ఉమా..." అన్నాను.

"ఏం లేదు లెండి. ఊరికే అడిగాను," అని పాలగిన్నె మీద మూత పెట్టి వెళ్ళిపోయింది.

అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. సాయంత్రం కాఫీ ఇచ్చింది, అందులో చక్కెర కూడా వేసింది. మా పెళ్ళయ్యాక నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు. శుక్రవారం జిగురు పెట్టి అతికించబోతే చెక్క బదులు నా రెండు వేళ్ళు అతుక్కున్నాయి. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. పీటలు ఉమ వాళ్ళ నాన్నగారు దగ్గరుండి చేయించినవి. ఆదివారం ఒంటి పీట మీద ఆవిడ, నేల మీద నేను కూర్చుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? అదీ కాదు, ఆవిడ మనసులో ఏమనుకుంటుంది?

ఇక ఆగలేకపోయాను.

"ఉమా, గరాజ్ నువ్వు తీసేసుకో."

"అయ్యో, గెలిచింది మీరు కదండీ."

"గెలిస్తే ఏం? నాకొద్దు. నీ క్లాసుకి పనికొస్తుంది."

"మీ వర్క్‌బెంచ్ ఎక్కడికి పోతుంది పాపం?"

"ఎక్కడికైనా పోనీ! నువ్వు కాదనకు, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"మీరంత ఇదిగా చెప్తుంటే కాదనలేను లెండి," అంది ఉమ.

శనివారమంతా నేనే గరాజ్ ఖాళీ చేశాను. నేనే తుడిచాను. గోడకి పెద్ద అద్దం కూడా నేనే బిగించాను. అది పూర్తిగా బిగించాను, గమనించండి.

ఆదివారానికి మంచు కరిగింది, పంతులుగారు వచ్చారు. కౌశిక్, ప్రణీత, మరో నాలుగు కుటుంబాలు వచ్చాయి. వచ్చిన ప్రతివాళ్ళూ నాకు ఒక క్యారెట్ చూపించి మరీ పలకరించారు. పెరుగు గడ్డలా తోడుకుంది. పంతులుగారు "దంపతులు పీటల మీద కూర్చోండి" అన్నారు. నేను కళ్ళు దించుకుని నేల మీద కూర్చోబోయాను.

"అక్కడ కాదండీ," అంది ఉమ. పట్టుచీరల బీరువాలోంచి, పాత దుప్పటిలో చుట్టిన పీటలు తెచ్చి పక్కపక్కన వేసింది.

రెండు పీటలు.

నేను కూర్చున్నాను. సంకల్పం మొదలైంది. గోత్రం అడిగితే తప్పు చెప్పాను. కథ మొదటి అధ్యాయంలో ఉండగా ఉమ చెవి దగ్గరకి వంగాను.

"ఇవి మన పీటలా?"

"మరి ఎవరివి? నమస్కారం పెట్టండి."

"మరి నేను కోసింది?"

"పోయిన ఉగాదికి పిల్లల నాటకంలో రాజుగారి సింహాసనం పలక. అక్షింతలు వేయండి."

"నువ్వు పీట అన్నావుగా!"

"నేనన్నానా? పీటలెక్కడ పెట్టానో గుర్తుందా అని అడిగాను. మీకు గుర్తులేదు. పోనీ, ఆ పలకకి రంగు వేసిందెవరో గుర్తుందా?"

"ఎవరు?"

"మీరే. మూడు వైపులే అంచు దిద్ది, నాలుగోది రేపు వేస్తానన్నారు. అది చూసైనా మీ పనేనని తెలుసుకోవద్దూ?"

"బాబూ, కథ వినేటప్పుడు మాట్లాడకూడదు," అన్నారు పంతులుగారు. కథ విననివాళ్ళకి ఏమేం కష్టాలొచ్చాయో ఆయన చదువుతున్నారు. నేను చేతులు జోడించి శ్రద్ధగా విన్నాను. ఒకసారి ఓరకంట చూస్తే ఉమ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నాకు కోపం రావాల్సింది. పీట క్షేమంగా ఉందన్న సంతోషంలో రాలేదు.

ఇప్పుడు గరాజ్‌లో డాన్సు క్లాసు జోరుగా సాగుతోంది. నా మీటింగులు ప్రశాంతంగా జరుగుతున్నాయి, మా మేనేజరు ఉమని మెచ్చుకున్నాడు. నా వర్క్‌షాప్ వాటర్ హీటర్ పక్కన షూ ర్యాక్ పైఅరలో ఉంది. గరాజ్ ఖాళీ చేయడంలో పాత చక్రాలు ఎక్కడో పోతే, వేద స్కూటర్‌కి కొత్తవి కొనిచ్చాను. బిగించడం తనే చేసుకుంటానంది.

మిగిలిన పలక ముక్కలు పారేయబోతే ఉమ ఆపింది. వాటితో పిల్లలు గజ్జెలు పెట్టుకోవడానికి గోడకి చిన్న అర చేసిపెట్టమంది. చేశాను. మీరు ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను, చాలా బాగా వచ్చింది. దాని మీద బరువు మాత్రం పెట్టకండి, కుడివైపు ఇంకో మేకు కొట్టాలి.