శ్రుతి మించిన మార్కులు

నేను పియానోలు శ్రుతి చేసేవాణ్ణి. కెనడాలోని కేప్ బ్రెటన్ దీవిలో, మా తీరం పొడవునా, ఎవరింట్లో పియానో మూలిగినా కబురు నాకే వస్తుంది. హెక్టర్ మెక్‌ఫీ అంటే ఎవరికీ తెలియదు, ‘చెవుల హెక్టర్’ అంటే అందరికీ తెలుసు. అది పొగడ్తేనని ఇన్నాళ్ళూ నమ్మాను.

మా ఆవిడ ఎఫీ ఫిడేలు వాయిస్తుంది. సాయంత్రం భోజనాలయ్యాక ఆవిడ వంటింట్లో వాయిస్తూ ఉంటే, నేను పక్కగదిలోంచి మార్కులు కేకేసేవాణ్ణి.

“శ్రుతి ఏడున్నర! తాళం ఎనిమిదింబావు!”

ఆగస్టులో ఒకరోజు ఫిడేలు టక్కున ఆగిపోయింది. ఎఫీ కమాను పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“ఏమయ్యా, ముప్పై ఏళ్ళుగా నువ్వు మాడ్చిన రొట్టెలు తింటున్నాను. ఒక్కనాడైనా మార్కులు వేశానా?”

“రొట్టె సంగతి రుచి. సంగీతం అలా కాదు. నచ్చడం వేరు, నాణ్యం వేరు. నాకు నచ్చకపోయినా మంచిది మంచిదే. దాన్ని కొలవొచ్చు.”

“అరమార్కు తేడా రాకుండా?”

“పావుమార్కు కూడా రాదు!”

“అయితే పందెం. నువ్వు గెలిస్తే నేను పశువులకొట్టంలో వాయించుకుంటాను. నేను గెలిస్తే ఈ ఇంట్లో మార్కులన్న మాట వినబడకూడదు.”

సరేనన్నాను. ఆ శనివారమే చర్చి హాల్లో ఫిడేలు పోటీ. న్యాయనిర్ణేతలం ఇద్దరం, నేనూ, ఎఫీ తమ్ముడు మర్డాకూ. మర్డాక్‌కు కొలత అంటూ ఒకటే ఉంది. ఎవరు వాయించినా “మా నాన్నలా ఉందా, లేదా?” అంతే.

పథకం నాదే. వేదికకు అడ్డంగా తెర. అందరిదీ ఒకే బాణీ. తొమ్మిదిమంది, పది వంతులు. ఒకరు రెండుసార్లు వాయిస్తారు, ఎవరన్నది తెర వెనక వరస చూసే ఎఫీకే తెలుసు. రెండుసార్లూ ఒకే మార్కు వేసినవాడి చెవి నిజమైన చెవి.

శుక్రవారం పొద్దున వంటింటి బల్లమీద ఒక కాగితం కనబడింది. నేను చూడలేదు, కళ్ళు వాటంతటవే పడ్డాయి. ‘3, 8 – ఒకరే.’

దీన్ని మోసమంటారా? ముందుచూపు అంటారు.

హాలు కిటకిటలాడింది. రెండో నంబరు చక్కగా వాయించారు, నూటికి ఎనభై ఎనిమిది వేశాను. మూడుకు తొంభై ఒకటి. ఆరో నంబరు వచ్చేసరికి పక్కనుంచి చేపల సూపు వాసన మొదలైంది, కడుపు కాలుతోంది. రంపంకోతలా అనిపించి అరవైనాలుగు వేశాను. ఎనిమిదో నంబరు మొదలవగానే వినే పని పెట్టుకోకుండా తొంభై ఒకటి రాసి కాళ్ళు చాపుకున్నాను.

పదో నంబరుకు చాపిన కాళ్ళు వెనక్కి తీసుకున్నాను.

ఒకచోట స్వరం తడబడింది, ఇంకోచోట కమాను వణికింది. అయినా ఆ బాణీని తొమ్మిదిసార్లు విన్నవాణ్ణి, అప్పుడే మొదటిసారి వింటున్నట్టు కూర్చుండిపోయాను. సూపు కలుపుతున్న ఆడవాళ్ళు గరిటెలతో సహా గుమ్మంలోకి వచ్చారు.

తెర తీశారు. ఎఫీ మా కాగితాలు పైకెత్తి పట్టుకుంది.

“మూడో నంబరు, పోస్టాఫీసు సైలస్. ఎనిమిదో నంబరు, ఆయన బావమరిది రానల్డ్. ఈయన ఫిడేలు కొని ఇంకా ఆరువారాలు కాలేదు. చెవుల హెక్టర్ గారు తొంభై ఒకటి ఇచ్చారు!”

హాలు ఘొల్లుమంది. రానల్డ్ లేచి నాకు వంగి నమస్కారం పెట్టాడు.

“మరి రెండుసార్లు వాయించిందెవరు?” అన్నాను.

“నేనే. రెండు, ఆరు. మర్డాక్ ఎనభై, డెబ్భై తొమ్మిది ఇచ్చాడు. నువ్వు ఎనభై ఎనిమిది, అరవైనాలుగు.”

“బావా,” అన్నాడు మర్డాక్ జాలిగా, “మా నాన్న మారడు కదా!”

చెవులే బతుకుదెరువైన నాకు ఎఫీ ఆ వంటింటి కాగితంతో చెవిలో పువ్వు పెట్టింది. అయినా నేను ఊరుకుంటానా?

“మరి పదో నంబరు సంగతేమిటి? అందరికందరం కట్టుబడిపోయాం కదా! నాణ్యమన్నది లేకపోతే అదెలా జరిగింది?”

“లేదని ఎవరన్నారయ్యా? నీ పావుమార్కులో లేదన్నాను, అంతే.”

పదో నంబరు ఫ్లోరా గిల్లిస్, డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. కీళ్ళనొప్పులతో వేళ్ళు వంకర్లు పోయాయి. ముందువరస కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో రుద్దుకుంటోంది. మర్డాక్ ఆవిడకు నూరు ఇచ్చి, పక్కన ‘నాన్నకంటే బాగుంది’ అని రాసి, కన్నీళ్ళతో సగం చెరిపేశాడు.

ఎఫీ నా కాగితం తిరగేసి చూసింది. “పదికి నువ్వేమీ వెయ్యలేదే?”

“మరిచిపోయాను.”

“నీ జన్మలో వేసిన సరైన మార్కు అదొక్కటే,” అంది మెల్లగా.

మర్నాడు సాయంత్రం ఎఫీ వాయిస్తుంటే నేను వంటింట్లోనే, ఆవిడ ఎదుటే కూర్చున్నాను. పందెం పందెమే. పళ్ళు బిగబట్టి చివరిదాకా విన్నాను.

“ఎలా ఉంది?” అంది.

“బాగుంది.”

“ఎంత బాగుంది?”

కమాను నా ముక్కుకు జానెడు దూరంలో ఉంది. బల్లమీదున్న కేకు ముక్క మొత్తం నోట్లో కుక్కుకున్నాను.