వరహాలమ్మకు దారి

సోమవారం ఉదయం ఆరు గంటలకు మేఘవరం వీధులు ఒంటరి మనిషికి తెరుచుకోవడం మానేశాయి. ప్రతి వీధీ ఎవరో ఒకరి పేరున ఉంటుంది. ఆ మనిషి వెళ్లాలంటే వీధి మొదట్లో ఎవరెవరు నిలబడాలో కూడా రాసి ఉంటుంది. వాళ్లలో ఒక్కరు తగ్గినా అక్కడ గోడే. మునిసిపాలిటీ వారం ముందే మైకులో చెప్పించింది కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. పాలవాడు కాసేపు విసుక్కున్నాడు.

ఈ పద్ధతి పేరు దిశగల హైపర్‌గ్రాఫ్. కంప్యూటర్లకు ఇది పాతదే. మామూలు పటంలో ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు గీత ఉంటుంది. ఇందులో కొన్ని చుక్కలు కలిస్తేనే ఒక బాణం కదులుతుంది; ఆ చుక్కలన్నిటినీ కలిపి బాణం తోక అంటారు. ఏ వివరాలు దొరికితే ఏది తేలుతుందో, ఏ భాగాలు సిద్ధమైతే ఏ ప్రోగ్రాం నడుస్తుందో దీనితో లెక్కగడతారు. ఇప్పుడు ఊరిని కూడా దీనితోనే నడుపుతున్నారు.

"పులుసులాంటిదే పిన్నిగారూ," అని కాంట్రాక్టు ఇంజనీరు హిమజ వరహాలమ్మకు చెప్పింది. "చింతపండు, ఉప్పు, మంట మూడూ ఉండాలి. రెండే ఉంటే సగం పులుసేం రాదు కదా."

"పులుసుకి ఇంత సదువెందుకమ్మా?" అంది వరహాలమ్మ.

నూలుమిల్లు సందులో ఇళ్ల తాళాలు ఉంచుకునేది, పిల్లల్ని కనిపెట్టుకునేది, గ్యాసు బండ దించుకునేది వరహాలమ్మే. సర్వేవాళ్లు ఇంటింటికీ వెళ్లి, మీరు గడప దాటాలంటే ఎవరుండాలని అడిగారు. సందంతా ఆమె పేరే చెప్పింది. అలా సందులోని ప్రతి బాణం తోకలోనూ ఆమె చేరింది. మీరెక్కడికి వెళ్తుంటారని ఆమెనూ అడిగారు. "నానెక్కడికెల్తాను బాబూ," అంది. అదే నమోదు చేసుకున్నారు. ఆమె పేరున వీధి గీయలేదు.

మూడు నెలలు సాఫీగా జరిగింది. పొద్దున్నే ఆమె ఒక్కో వీధి మొదట్లో నిలబడేది. సందువాళ్లు పనులకు వెళ్లేవారు.

శుక్రవారం పొద్దున, ఇంకా ఎవరూ బయల్దేరకముందే, అక్క కొడుకు ఫోన్ చేశాడు. అక్క పైడితల్లికి ఆ మధ్యాహ్నం గుండె ఆపరేషన్. చెల్లిని చూడందే లోపలికి వెళ్లనని పట్టుబట్టింది. వరహాలమ్మ చీర మార్చుకుని వీధి మొదటికి వెళ్లింది. గోడ కదల్లేదు. హిమజ ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది.

"మీ పేరున దారి లేదు పిన్నిగారూ."

"అదేటమ్మా! ఇంతమందిని పంపినాను కదా."

"పంపేవాళ్లు కూడా వెళ్తారని ఎవరూ చెప్పలేదు."

"నానిప్పుడు సెప్తన్నాను. మా అప్పని సూడాల."

దారి గీయడం తేలికే. దాని తోకలో ఎవరుంటారని హిమజ సందువాళ్లను అడిగింది.

"నన్ను రాయండి," అన్నాడు ఆటో అప్పలస్వామి. "అత్తని పంపడానికి నానొక్కడినీ సాలనేటి?"

"నీకంత సీను లేదు గానీ నన్నూ రాయండి," అంది సుజాత టీచరు.

తన పేరు లేకపోతే బాగుండదని ప్రతి ఇల్లూ అనుకుంది. అందరూ చేరారు. హిమజ మీట నొక్కకుండా ఆగింది.

"ఇక్కడ చక్రం పడింది. ఆవిడ వెళ్తే, తిరిగొచ్చేదాకా మీలో ఒక్కరూ సందు దాటలేరు. మీరు వెళ్తే ఆవిడ వెళ్లలేదు."

బ్యాంకు భాస్కరరావుకు ఆ రోజు ఆడిట్ ఉంది. అతను వరహాలమ్మ వైపు చూశాడు.

"ఆ చీర మా పెళ్లికి కట్టావు కదత్తా."

"మళ్లీ కట్టే పని ఇప్పుడు పడింది నాయనా."

అతను బ్యాగు అరుగు మీద పెట్టి వరసలో నిలబడ్డాడు. వీధి తెరుచుకుంది. ఆమె వెనక్కి చూడకుండా నడిచింది.

బ్యాంకు నుంచి, బడి నుంచి ఫోన్లు వచ్చాయి. వరహాలమ్మ ఊళ్లోకి వెళ్లిందని సందువాళ్లు చెప్పారు. అవతలివాళ్లు ఇంకేమీ అడగలేదు. సాయంత్రం పిల్లలకు ఎవరు అన్నం పెట్టాలనే దాని మీద రెండిళ్లలో మాటా మాటా పెరిగింది.

పైడితల్లి చెల్లి చెయ్యి పట్టుకుని చూసి, లోపలికి వెళ్లింది. ఆపరేషన్ బాగా జరిగింది.

శనివారం హిమజ ఆసుపత్రికి ఫోన్ చేసింది. తిరుగు దారి గీస్తాను, దాని తోకలో ఎవరిని రాయమంటారని అడిగింది.

"అప్ప లెగనీ, సెప్తాను," అంది వరహాలమ్మ.

ఆదివారం పైడితల్లి లేచి కూర్చుని గంజి తాగింది. సోమవారం ఉదయానికి నూలుమిల్లు సందులో అందరూ ఇళ్లలోనే ఉన్నారు. వరహాలమ్మ తిరుగు దారికి ఇంకా పేర్లు చెప్పలేదు.