రెండు ఎడమకాళ్ళ కేసు

ఆ ఆదివారం పొద్దున క్లెయిముల ఆఫీసరు గారు వేసుకున్న పథకం చాలా సులువైనది. ఆరున్నరకు చేతికర్ర పట్టుకుని కుంటుకుంటూ ఇంట్లోంచి బయలుదేరాలి. వీధి మలుపు తిరగ్గానే కుంటడం మానెయ్యాలి. ఊరి చివరి గుర్రపుశాలకు వెళ్ళి గంటసేపు స్వారీ చెయ్యాలి. తొమ్మిదింటికల్లా అదే మలుపు దగ్గర కుంటడం మళ్ళీ అందుకుని ఇల్లు చేరాలి. ఇంట్లో మాత్రం చీలమండకు వ్యాయామం చేయించే డాక్టరు దగ్గరికి వెళుతున్నానని ముందురోజు రాత్రే చెప్పి ఉంచారు.

పదమూడు వారాల క్రితం ఆయన ఎడమ చీలమండ విరిగిన మాట నిజమే. గుర్రం మీంచి పడ్డారని అందరూ అనుకున్నారు, ఆయనా అనుకోనిచ్చారు. జరిగిందేమిటంటే, ఆయన గుర్రం దిగి, టోపీ తీసి, చూస్తున్న నలుగురికీ చెయ్యూపుతూ రెండడుగులు వెనక్కి వేసి దాణా బకెట్టులో కాలు పెట్టారు. ఆరు వారాలు పిండికట్టు. తర్వాత మూడు వారాలు గోడ పట్టుకుని మడమలు ఎత్తడం, దించడం. అదీ అయ్యాక ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, "కాలు బ్రహ్మాండంగా ఉందండీ. నడవండి, కావాలంటే గుర్రం కూడా ఎక్కండి" అన్నాడు. ఈ సంగతి ఇంట్లో చెప్పడం ఆఫీసరు గారు మరిచిపోయారు. నాలుగు వారాలుగా రోజూ మరిచిపోతూనే ఉన్నారు.

మరిచిపోక ఏం చేస్తారు? కాఫీ కుర్చీ దగ్గరికే వస్తోంది. మూడో అంతస్తుకి నీళ్ళ క్యాను మోసే బాధ తప్పింది. అత్తగారు, పాపం తన మోకాళ్ళ నొప్పులతోనే, వేణ్ణీళ్ళ టబ్బు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెడుతున్నారు. ఇంత సుఖానికి బదులుగా ఆయన చేసేదల్లా కూర్చున్నచోట కాస్త చేతిసాయం. ఆయన భార్య బళ్ళో లైబ్రరీ చూస్తుంది. "ఊరికే కూర్చుంటే మీకు మాత్రం ఏం తోస్తుంది" అంటూ రోజూ ఓ సంచీడు పుస్తకాలు తెచ్చి ముందు పెట్టేది. ఆయన వాటికి అట్టలు వేసి, నంబర్ల చీటీలు అంటించేవారు.

ఇంతకీ ఆఫీసులో ఆయన ఉద్యోగం దొంగ దెబ్బలు పట్టుకోవడం. మెడ తిరగడం లేదంటూ బీమా క్లెయిము పెట్టినవాణ్ణి వెనకనుంచి పిలిచేవారు. నడుం వంగదన్నవాడి ముందు పెన్ను పడేసేవారు. అలా పట్టుబడినవాళ్ళ కథలన్నీ పద్దెనిమిదేళ్ళుగా భోజనాల దగ్గర భార్యకి చెబుతూనే ఉన్నారు. ఆవిడ వడ్డిస్తూ వినేది.

అన్ని సుఖాలూ ఉన్నా గుర్రం లేదు. గుర్రపుశాలలో ఆయన ఎక్కే గోధుమరంగు గుర్రాన్ని అందరూ దొరగారనే పిలుస్తారు. తనకి తోచినప్పుడు నడిచి, తోచనప్పుడు నిలబడి, ఎదుటివాళ్ళని తలెత్తి కిందికి చూసే గుర్రానికి వేరే పేరు నప్పదు. వారమంతా దొంగ మెడలూ దొంగ నడుములూ చూసిన ప్రాణానికి ఆదివారం దొరగారి వీపు మీద గంట కూర్చుంటే చాలు, మనుషులంటే మళ్ళీ ఇష్టం పుట్టేది. పదమూడు వారాలుగా ఆ గంట లేక ఆయన చాలా బెంగపెట్టుకున్నారు. దానికితోడు శుక్రవారం స్వారీ మాష్టారు ఫోన్ చేసి, "రాగలిగితే ఈ ఆదివారమే రండి సార్" అన్నాడు, ఎందుకో చెప్పకుండా.

ఆఫీసరు గారు గుమ్మం దాకా చక్కగా కుంటుకుంటూ వచ్చారు. గుమ్మంలో భార్య కారు తాళాలతో నిలబడి ఉంది.

"ఉండండి, నేను దింపుతాను. అమ్మ మోకాళ్ళు కూడా మీ వ్యాయామం డాక్టరుకి చూపిద్దాం."

అత్తగారు అప్పటికే చెప్పులు వేసుకుని, పాత మందుల చీటీలన్నీ సంచిలో సర్దుకుని సిద్ధంగా ఉన్నారు. ఆఫీసరు గారు చేతికర్రని ఓ చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు.

"ఇవాళ ఆయన క్లినిక్కులో ఉండడే" అన్నారు.

"మరెక్కడుంటాడు?"

"గుర్రపుశాలలో. అదో కొత్త పద్ధతి. గుర్రం మీద కూర్చోబెడితే కీళ్ళన్నీ వాటంతటవే సర్దుకుంటాయట."

"మోకాళ్ళు కూడానా బాబూ?" అన్నారు అత్తగారు ఆశగా.

"మోకాళ్ళయితే మరీనండి."

భార్య "ఓహో" అని మాత్రం అని కారు తీసింది.

గుర్రపుశాల ముందు పెద్ద వ్యాను ఆగి ఉంది. వెనక తలుపు తెరిచి, ఎక్కడానికి వాలుగా బల్ల వేశారు. దాని పక్కన స్వారీ మాష్టారు దిగాలుగా నిలబడ్డాడు.

"దొరగారిని పంపించేస్తున్నాం సార్" అన్నాడు. "ఐదు వారాల క్రితం ఎడమ ముందుకాల్లో ముల్లు గుచ్చుకుంది. తీసేశాం, పుండు మానింది. కుంటడం మాత్రం మానలేదు. జీను వేస్తే చాలు, అడుగు పడదు. రేపు కొత్త గుర్రం వస్తోంది, దానికి గది కావాలి. ఈయన్ని ఎక్కడో కొండల అవతల పొలానికి పంపిస్తున్నాం, అక్కడ ఊరికే మేస్తాడట. పశువుల డాక్టరు వచ్చి కాగితం మీద సంతకం పెడితే బయలుదేరడమే. మీరొకసారి చూసుకుంటారని ఫోన్ చేశాను."

ఆఫీసరు గారు వ్యాను వైపు చూశారు. కొండల అవతలంటే మళ్ళీ కంటపడడమన్న మాట ఉండదు.

ఈలోగా అత్తగారు మాష్టారు దగ్గరికి వచ్చారు. "బాబూ, గుర్రం మీద కూర్చోబెట్టేది మీరేనా? నన్ను మా అల్లుడు తీసుకొచ్చాడు."

కొత్తగా నేర్చుకోవడానికి వచ్చిందనుకున్నాడు మాష్టారు. అసలే మనసు బాగాలేదు, డెబ్బై ఏళ్ళ వయసులో ఎందుకమ్మా అని అడిగే ఓపిక కూడా లేదు. ఆవిడ తలకి హెల్మెట్ తగిలించాడు. మోకాళ్ళ నొప్పికి తలకి హెల్మెట్ ఏమిటో ఆవిడకి బోధపడలేదు గాని, కొత్త పద్ధతి కదా అని సర్దుకుపోయారు.

అంతలో "డాక్టరు గారొచ్చారు" అని ఎవరో కేకేశారు. అత్తగారు గబగబా వెళ్ళి బెంచీ మీద కూర్చుని, వచ్చినాయన ముందు రెండు కాళ్ళూ చాచారు.

"అమ్మా, నేను పశువుల డాక్టర్ని."

"అయితేనేం బాబూ, ఎవరి మోకాళ్ళైనా మోకాళ్ళేగా."

ఆయన మొహమాటస్తుడు. రెండు మోకాళ్ళూ వంచి చూశాడు, చాపి చూశాడు, మళ్ళీ వంచాడు. "నాకైతే వీటిలో ఏ దోషమూ కనిపించడం లేదమ్మా" అన్నాడు ఆశ్చర్యంగా.

"పశువుల డాక్టరుకి మనుషుల సంగతి ఏం తెలుస్తుందిలే" అని అత్తగారు కాళ్ళు ముడుచుకున్నారు.

దొరగారిని బయటికి తెచ్చారు. వీపు మీద జీను పెట్టగానే ఆయన ఎడమ ముందుకాలు అపురూపంగా గాల్లోకి ఎత్తి, నేల మీద ఆనీ ఆననట్టు దించి, మళ్ళీ ఎత్తారు. చూసినవాళ్ళకి కళ్ళనీళ్ళు తిరిగాయి. డాక్టరు జేబులోంచి పెన్ను తీశాడు.

ఆఫీసరు గారికి మాత్రం మరొకటి కనిపించింది. కాలు ఎత్తడానికి ముందు దొరగారు ఎవరెవరు చూస్తున్నారో ఓసారి ఓరగా చూసుకున్నారు. ఆ చూపు ఆయనకి బాగా తెలుసు. ఆఫీసులో కొన్ని వందలసార్లు చూశారు. ఈ నాలుగు వారాలుగా రోజూ పొద్దున హాల్లో అద్దంలో కూడా చూస్తున్నారు.

"ఆగండి డాక్టరు గారూ. ఇది దొంగ కుంటు."

"నొప్పి మీకెలా తెలుస్తుందండీ? వస్తూ పోతూ ఉంటుంది."

"లేదండీ, పోయింది. మొదట్లో నిజంగానే నొప్పి. అప్పుడందరూ ముద్దు చేస్తారు. కూర్చున్నచోటికే అన్నీ వస్తాయి. ఓ రోజు లేచి చూస్తే నొప్పి ఉండదు. చెప్పేద్దామనే అనుకుంటాం. కానీ చెబితే రేపట్నుంచి మళ్ళీ మొయ్యాలి కదా. ఈ ఒక్కరోజూ గడవనీ అనుకుంటాం, రోజూ అలాగే అనుకుంటాం."

డాక్టరు ఆయన చేతికర్ర వైపు చూశాడు. "గుర్రం సంగతి చెబుతున్నాను" అన్నారు ఆఫీసరు గారు, భార్య వైపు చూడకుండా.

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "మాటలతో తేలేది కాదండీ. ఎవరైనా ఎక్కి పరుగెత్తిస్తే ఒప్పుకుంటాను. నేనొచ్చిన మూడుసార్లూ ఎవరెక్కినా కదల్లేదు." వ్యాను డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు.

గుర్రం ఎక్కాలంటే ఎడమకాలు జీనుకి వేలాడే రికాబులో పెట్టి, ఒళ్ళంతటి బరువూ దాని మీదే మోపి లేవాలి. పెళ్ళాం కళ్ళెదుట లేవాలి. కుర్చీ దగ్గరి కాఫీ, వేణ్ణీళ్ళ టబ్బు, మూడంతస్తుల మెట్లు, నీళ్ళ క్యాను అన్నీ వరసగా ఆఫీసరు గారి కళ్ళముందు తిరిగాయి. దొరగారు మెడ చాచి ఆయన చొక్కా జేబు వాసన చూశారు. పదమూడు వారాలైనా ఆ జేబులో క్యారట్టు ఉంటుందని దొరగారు మరిచిపోలేదు. అంతే, ఆఫీసరు గారు చేతికర్ర అవతల పారేసి, ఎడమకాలు రికాబులో పెట్టి, ఒక్క ఊపున జీను మీద కూర్చున్నారు.

దొరగారు మూడడుగులు కుంటుతూనే వేశారు. ఆఫీసరు గారు ముందుకు వంగి ఆయన చెవి దగ్గర, "నేనూ అంతేలే, ఇంక చాలు" అన్నారు. దొరగారు చెవులు వెనక్కి తిప్పి కాసేపు ఆలోచించారు. నాలుగో అడుగు తిన్నగా పడింది. పదో అడుగుకి పరుగు, మైదానం మలుపు తిరిగేసరికి దౌడు. గాలికి ఆఫీసరు గారి చొక్కా బుడగలా ఉబ్బింది. ఆయన పైకే నవ్వేశారు. ఇంత సంతోషం చేతిలో పెట్టుకుని నాలుగు వారాలు కుర్చీలో ఎలా కూర్చున్నానా అనిపించింది. మాష్టారు కళ్ళు తుడుచుకుంటూ వ్యాను తలుపు మూసేశాడు. కొత్త గుర్రానికి తన ఆఫీసు గది ఖాళీ చేసిస్తానన్నాడు.

మూడు చుట్లయ్యాక ఆఫీసరు గారు తలవంచుకుని భార్య ముందు ఆగారు. ఆవిడ చేతికర్ర తీసి, దుమ్ము దులిపి, చంకలో పెట్టుకుని ఉంది.

"దిగేటప్పుడు బకెట్టు చూసుకోండి" అంది.

ఆయన చూసుకుని దిగారు. "నీకో మాట చెప్పాలి" అన్నారు నీళ్ళు నములుతూ.

"నాలుగు వారాలైంది నాకు తెలిసి."

"ఎలా?"

"వంటింట్లో గిన్నె పడేశాను. హాల్లోంచి నాలుగంగల్లో వచ్చి నా ముందు నిలబడ్డారు. కర్రేమో కుర్చీకి ఆనించే ఉంది. ఆ కిటుకు మీరు చెప్పిందేగా."

"మరి అప్పుడే అడగలేదేం?"

"ఆరువందల పన్నెండు పుస్తకాలండీ. అట్టలు వెయ్యడానికి ఓ మనిషిని ఇవ్వమని మూడేళ్ళుగా హెడ్మాస్టరు చుట్టూ తిరుగుతున్నాను. కుదురుగా కూర్చునే మనిషి ఇంట్లోనే దొరికితే చెడగొట్టుకుంటానా? ఆఖరి పుస్తకం నిన్న సాయంత్రం అయిపోయింది. అందుకే ఇవాళ కారు తీశాను."

ఆఫీసరు గారికి కోపం రావాలి. నవ్వొచ్చింది. ఆవిడ కూడా నవ్వి, దొరగారికి ఇమ్మని సంచిలోంచి ఇంకో క్యారట్టు తీసిచ్చింది. పొద్దున బయలుదేరేటప్పుడే సంచిలో వేసుకుందన్నమాట.

సోమవారం నుంచి నీళ్ళ క్యాను ఆఫీసరు గారి భుజమెక్కింది. ఖాళీ అయిన కుర్చీలో, మోకాళ్ళ నొప్పి ఎక్కువైందని అత్తగారు కూర్చున్నారు. కాఫీ అక్కడికే వెళుతోంది. బుధవారం మధ్యాహ్నం ఆయన పెందలాడే ఇంటికొచ్చి చూస్తే, అత్తగారు వంటింట్లో స్టూలెక్కి, మునివేళ్ళ మీద లేచి, పై అరలోని బిస్కెట్ల డబ్బా అందుకుంటున్నారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అత్తగారు మెల్లిగా దిగి, ఓసారి ఓరగా చూసి, మోకాలు పట్టుకుని, డబ్బా మూత తీసి అల్లుడి ముందు పెట్టారు.

ఆఫీసరు గారు రెండు బిస్కెట్లు తీసుకున్నారు గాని, ఆ కేసు తీసుకోలేదు.