పువ్వు ముద్ర, చేప ముద్ర

"ఘోరనేరాలను వెలికితీయడానికి పుట్టిన భూతద్దం ఇది! కందిపప్పులో పుచ్చులు ఏరడానికా?" అని గర్జించారు మావారు.

"పప్పులో పురుగు దొరికిందండీ. మీ అద్దానికి ఇన్నాళ్లకి చిక్కిన మొదటి దొంగ అదే," అన్నాను.

మావారు పేరయ్యగారికి సత్తెనపల్లిలో మిర్చి కొట్టు ఉంది. పత్తికి తెల్లదోమ పట్టిన ఆ ఏడు ఊళ్లో బేరాలన్నీ చప్పబడి, తీరిక ఎక్కువై, అపరాధ పరిశోధకుడిగా అవతరించారు. నేరస్థులు ఊళ్లో నేరాలు మానుకున్నది తనకు జడిసేనని ఆయన నమ్మకం.

తెగిన నా సూత్రాల గొలుసును కంసాలి కోటాచారి అతికించి ఇస్తే ఈయనే తెచ్చారు. నాకు మాత్రం ఇవ్వలేదు.

"ఇంకా ఎన్నాళ్లండీ ఈ పసుపుతాడు? గొలుసేదీ?"

"సాక్ష్యం నా అదుపులో ఉంది. ఇంతకుమించి అడిగితే నీ ప్రాణానికే ప్రమాదం!"

జరిగిందేమిటో తర్వాత తెలిసింది. పుస్తెల వెనక అద్దం పెట్టి చూస్తే ఒకదానికి పువ్వు ముద్ర, రెండోదానికి చేప ముద్ర కనిపించాయట. ప్రతి కంసాలీ తన పనికి తన గుర్తు కొట్టుకుంటాడు. పువ్వు కోటాచారి ఇంటి గుర్తు. మరి చేప? మిర్చి యార్డులో ఒకే లాటులో రెండు మార్కాల గోతాలుంటే ఒకటి మారిందనే లెక్క. మావారు బంగారానికీ ఆ లెక్కే కట్టారు.

సరాసరి కోటాచారి కొట్టుకెళ్లారు. అక్కడ మా పక్కింటి రాజ్యం కొడుకు పెళ్లికని బంగారం తూయిస్తోంది.

"ఆచారీ, నీ ఆట కట్టు! మా ఆవిడ పుస్తె మార్చేశావు!"

"అయ్యో బాబుగారూ, ఆ రెండోది మీ అత్తగారు..."

"ఖబడ్దార్! మా అత్తగారిని నీ ముఠాలోకి లాగకు!"

రాజ్యం బంగారం కొంగున ముడేసుకుని లేచిపోయింది. సాయంత్రానికి బజారంతా పాకింది. మర్నాడు కోటాచారి కొట్టు మెట్టెక్కినవాళ్లు లేరు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర, మావారు నా గొలుసు కంచం పక్కన పెట్టుకుని, ఎడమచేత్తో భూతద్దం ఎత్తి, కేసు వినిపించడం మొదలుపెట్టారు. అత్తయ్య శివపార్వతిగారు మామయ్యగారికి నెయ్యి వేయడానికి అడ్డంగా వంగారు. ఆవిడ సూత్రాలు ఊగి, తిరగబడి సరిగ్గా అద్దం ముందుకొచ్చాయి.

"అమ్మా! నీవీ మార్చేశాడు! ఒకటి పువ్వు, ఒకటి నెమలి!"

"నా మెడలోవి కోటాచారి కంటితో కూడా చూడలేదురా," అన్నారు అత్తయ్య. "పువ్వుది మీ నాయనమ్మ ఆ కోటాచారి నాన్నచేత చేయించింది. నెమలిది మా అమ్మ పొదిలిలో చేయించింది. అత్తింటిదొకటి, పుట్టింటిదొకటి. మూడుముళ్లూ వేసినవాడివి, రెండెందుకున్నాయో ఏనాడూ అనిపించలేదూ?"

"చేప మా తెనాలి కంసాలిది," అన్నాను.

"అయితే కేసు తేలినట్టేనా?" అన్నారు మామయ్యగారు అన్నం కలుపుతూ.

"తేలింది," అన్నారు మావారు గంభీరంగా. "ముఠా తప్పించుకుంది."

అత్తయ్య నవ్వలేదు. నెయ్యిగిన్నె కింద పెట్టారు.

"నీ మూలాన కోటాచారి పొయ్యి ఆరిపోయేట్టుంది. బీరువాలో నా పాత వంకీ ఉంది. రేపు కరిగించి గొలుసు చేయిస్తున్నా. బంగారం కరిగేదాకా కంసాలి ఎదుట కదలకుండా కూర్చునే ఊరిది. నువ్వు రాజ్యాన్ని వెంటబెట్టుకెళ్లి, అందరూ చూస్తుండగా ఆ వంకీ ఆయన చేతిలో పెట్టి, కూర్చోకుండా వచ్చెయ్యాలి."

"కాపలా లేకుండానా?"

"కాపలా లేకుండానే. నువ్వు వెనక్కి తిరిగి చూడకుండా నీకు కాపలాగా నేనూ వస్తున్నా."